వేడుకకు పిలుస్తున్నారు, కౌంటర్ దగ్గర కసురుకుంటున్నారు: ఉపకులపతులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ల పెద్దలకు,

నమస్కారం.

నేనొక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పుకునే మనిషిని. ఏ విశ్వవిద్యాలయమో రాయడం లేదు. రాస్తే ఇది ఆ ఒక్క క్యాంపస్ గొడవ అయిపోతుంది, మిగతావాళ్లు ‘మా దగ్గర అలాంటిదేం లేదు’ అని పక్కన పెట్టేస్తారు. మా కల్చరల్ కమిటీలో కొన్నేళ్లు పనిచేశాను. సాంస్కృతిక వైవిధ్యం పేరుతో ఏటా జరిగే వేడుకకు పిల్లల్ని పోగుచేయడం, డ్రెస్సులు అద్దెకు తేవడం, బ్యానర్లో అచ్చుతప్పులు దిద్దడం అన్నీ చూసినదాన్ని. పోయిన ఏడాది కొందరు అధ్యాపకులం, పరిశోధక విద్యార్థులం కలిసి ఒక వినతిపత్రం రాసి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చాం. ఇన్వర్డ్ నంబరు వేశారు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా ‘ఫైలు పైన ఉంది’ అన్నారు. ఈ ఏడాది వేడుక సర్క్యులర్ మళ్లీ వచ్చింది గానీ ఫైలు మాత్రం కిందికి దిగలేదు. అందుకే అందరి ముందూ పెడుతున్నాను.

వేడుకలు మానేయమని అడగడం లేదు. ఐక్యరాజ్యసమితి 2002లో మే 21ని సాంస్కృతిక వైవిధ్య దినంగా ప్రకటించింది. మే 21కి మన హాస్టళ్లలో పిట్ట కూడా ఉండదు కాబట్టి మనం వీలున్న రోజు పెట్టుకుంటాం, అందులో తప్పేమీ లేదు. మా బాధల్లా ఒక్కటే. ఎవరి ఆటాపాటా చూపించి క్యాంపస్ గొప్ప చెప్పుకుంటున్నామో, వాళ్లకే మిగతా ఏడాదంతా మెస్‌లో, హాస్టల్లో, పరీక్షల విభాగంలో, ఆఫీసు కౌంటర్ దగ్గర ‘మీకోసం ప్రత్యేకంగా ఏం చేస్తాం’ అనే మాట ఎదురవుతోంది. ఎక్కడెక్కడ ఎదురవుతోందో కింద రాస్తున్నాను.

1. వేడుక తీరు

సర్క్యులర్ వారం ముందు వస్తుంది. ‘ట్రైబల్ స్టూడెంట్స్, వేరే రాష్ట్రాల స్టూడెంట్స్, ఫారిన్ స్టూడెంట్స్ పేర్లు పంపండి’ అని డిపార్ట్‌మెంట్లకు ఫోన్లు మోగుతాయి. అరకు నుంచి వచ్చిన అమ్మాయికి థింసా నృత్యం వచ్చే ఉంటుంది, మణిపూర్ అబ్బాయి ఏదో ఒకటి ఆడకపోడు అని ముందే లెక్క వేసేస్తారు. ఆ అబ్బాయి చదివేది గణితం. స్టేజీ అంటేనే అతనికి టెన్షన్. రానంటే ‘మీ కల్చర్ మీరే చూపించుకోకపోతే ఎలా’ అని మందలింపు. ఇక వేడుక రోజు ముఖ్య అతిథి ప్రసంగం గంట సాగి, వీళ్ల ఐటెమ్ రెండు నిమిషాలకు కుదించుకుపోతుంది. మర్నాడు పొద్దున ఇంటర్నల్ పరీక్ష యథాతథం.

ఇంతకంటే పెద్దది ఇంకొకటుంది. గుస్సాడీ ఆదిలాబాద్ రాజ్‌గోండులు దీపావళి రోజుల్లో, దండారి పండుగలో దీక్ష పట్టి వేసే వేషం. నెమలి ఈకల టోపీని వాళ్లు దైవంగా చూసుకుంటారు. ఈ కళలో జీవితమంతా గడిపిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. మా దగ్గర అట్టముక్కలతో, రంగు కాగితాలతో అలాంటి టోపీలు చేసి ఫ్యాషన్ షోలో నడిపించారు. ముందు వరుసలో చప్పట్లు మోగుతుంటే వెనక కూర్చున్న ఇద్దరు గోండు విద్యార్థులు లేచి బయటికి వెళ్లిపోయారు. మర్నాడు అడిగితే ఒకరు, ‘మేడం, ఆ ఫోటో మా ఊళ్లో ఎవరైనా చూస్తే నేనే దగ్గరుండి చేయించాననుకుంటారు’ అన్నాడు. ఆ ఫోటోలే విశ్వవిద్యాలయం బ్రోచర్లో వేసుకున్నాం. వేసేముందు అతన్ని ఒక్క మాట అడగడానికి ఎవరికీ తోచలేదు.

2. కేలండర్, హాజరు, మెస్

అకడమిక్ కేలండర్ వేసేవాళ్లకు సంక్రాంతి, దసరా కంఠతా వచ్చు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర అని గుర్తుండదు. గోండుల్లోని మెస్రం వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను ఆ జాతరలోనే దేవుడికి పరిచయం చేస్తారు. భేటింగ్ అంటారు. కోడలుపిల్ల ఎంఏ చదువుతోందని అమావాస్య వాయిదా పడదు కదా! సరిగ్గా ఆ వారంలోనే ఇంటర్నల్స్ పెడితే ఆమె మార్కులు వదులుకోవాలి, లేదా అత్తింట్లో మాట పడాలి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళకు వస్తుంది. ఇవన్నీ పంచాంగంలో ఎప్పుడో తెలిసిన తేదీలే. కాకపోతే పంచాంగం తిరగేసేటప్పుడు ఈ పిల్లల తరఫున అడిగే మనిషి ఆ గదిలో ఉండరు. 75 శాతం హాజరుకు రెండు మూడు రోజులు తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టించుకుంటారు. కూలికి వెళ్లే ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

రంజాన్ నెలలో ఉపవాసం ఉండే పిల్లలు రాత్రి చపాతీలు ప్లాస్టిక్ డబ్బాలో దాచుకుని తెల్లవారుజామున చల్లారినవే తింటారు. మెస్ ఛార్జీలు మాత్రం పూర్తిగా పడతాయి. ఉపవాసం ఉండేవాళ్ల జాబితా ముందే తీసుకుని, ఒక వంటమనిషిని ఆ వేళకు రప్పిస్తే తీరే సమస్య ఇది. అడిగితే ‘అందరికీ ఒకటే రూల్’ అంటారు. ఆ రూల్ ఎవరి తిండి వేళలు చూసి పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

3. భాష

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా కుంగిపోయేది ఇక్కడే.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. 1863లో ఇదే తేదీన పుట్టిన ఆయన వాడుక భాష కోసం చేసిన పోరాటం గురించి ప్రతి వక్తా చెబుతాడు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవర ఆదివాసుల భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. సవర పిల్లలు వాళ్ల భాషలోనే చదువుకోవాలని సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఈ సగం కథ మన సభల్లో వినపడదు. సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర విద్యార్థి ఆ సభలోనే కూర్చుని ఉంటాడు. అతని ఇంటి భాష పేరు మైకులో గౌరవంగా పలకడానికి అంతకంటే మంచి రోజు ఏముంటుంది?

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతులతో గోండీకి సొంత లిపి ఉందని బయటి లోకానికి తెలిసింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని మీద పనిచేశారు. 2018లో ఆ లిపి, కంప్యూటర్లలో అక్షరాలకు వాడే ప్రమాణమైన యూనికోడ్‌లో కూడా చేరింది. ఒక విశ్వవిద్యాలయం తలుచుకుంటే ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. మిగతా క్యాంపస్‌లలో గోండీ, కోయ, కోలామీ, కువి, లంబాడీ మాట్లాడే పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క కూడా ఉండదు. అడ్మిషన్ ఫారంలో మాతృభాష గడి ఉన్నా, నింపేవాళ్లు తెలుగు అని రాసి పంపేస్తారు. రాష్ట్రాలను జంటలుగా కలిపే కేంద్ర కార్యక్రమం ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కింద తెలంగాణకు హర్యానాను, ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్‌ను జతచేశారు. పంజాబ్ భాంగ్రా, హర్యానా పాటా మన పిల్లలు నేర్చుకోవడం మంచిదే. అదే క్లాసులో పక్క బెంచీ మీద కోలాం అమ్మాయి కూర్చుంటుంది. ఆమె ఇంట్లో మాట్లాడే భాష పేరు మూడేళ్లయినా ఎవరికీ తెలియదు.

ఇక తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు. ఎంఎస్సీ సెమినార్‌లో ఒక అబ్బాయి స్లైడ్లు చూసి చదివాడు. ప్రశ్న ఇంగ్లిష్‌లో వచ్చింది. జవాబు అతనికి తెలుసు, ముందురోజు లైబ్రరీలో నాకే విడమరిచి చెప్పాడు. అక్కడ మాత్రం ‘ఐ విల్ చెక్, సర్’ అని తల దించుకున్నాడు. మార్కులు ఆ మాటకే పడ్డాయి. కోర్సు ఇంగ్లిష్ మీడియంలో ఉన్నా స్థానిక భాషలో పరీక్ష రాయనివ్వమని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2023 ఏప్రిల్‌లోనే విశ్వవిద్యాలయాలను కోరింది. మా విద్యార్థుల్లో ఆ సంగతి తెలిసినవాళ్లు నాకు కనపడలేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మిజోరం నుంచో, సూడాన్ నుంచో వచ్చిన విద్యార్థికి మన తెలుగే గోడ. చలానా ఏ బ్యాంకులో కట్టాలో, ఎవరి సంతకం కావాలో అంతా నోటిమాటగా తెలుగులోనే నడుస్తుంది. క్లర్కు కసురుకుంటే, ఎందుకు కసురుకున్నాడో కూడా ఆ పిల్లాడికి అర్థం కాదు. ఇంగ్లిష్‌లో ఒక్క పేజీ అచ్చువేసి కౌంటర్ అద్దానికి అంటిస్తే సగం గొడవ తగ్గుతుంది.

4. పేర్లు పెట్టడం

ఈశాన్య రాష్ట్రాల పిల్లలను ‘చైనా’ అనీ ‘నేపాలీ’ అనీ పిలవడం, ఆఫ్రికా విద్యార్థుల రంగు మీద జోకులు, యాస మీద వెక్కిరింపులు. వీటిని మనం ‘సరదా’ ఖాతాలో వేస్తాం. 2014 జనవరిలో ఢిల్లీలో నీడో తానియా అనే అరుణాచల్ విద్యార్థి జుట్టు మీద చేసిన ఎగతాళి గొడవగా మారి, దెబ్బలు తిని ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతే ఈశాన్య రాష్ట్రాలవాళ్ల ఇబ్బందులు చూడడానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీని వేసింది. సరదా ఎక్కడిదాకా వెళ్తుందో అప్పుడే తెలిసింది.

యూజీసీ 2009 ర్యాగింగ్ నిబంధనలను 2016లో సవరించారు. కులం, మతం, రంగు, ప్రాంతం, భాష, రూపం, జెండర్ పేరుతో చేసే వేధింపు కూడా ర్యాగింగే అని అందులో స్పష్టంగా చేర్చారు. చేరేటప్పుడు పిల్లలతో, తల్లిదండ్రులతో అఫిడవిట్ మీద సంతకాలు పెట్టిస్తున్నాం. ఈ సంగతి మాత్రం ఓరియెంటేషన్ రోజు ఎవరూ విప్పి చెప్పరు. హాస్టల్లో మొదటి రోజే ‘ఎంట్రన్స్‌లో నీ ర్యాంకెంత’ అని అడగడం వెనక అసలు ప్రశ్న ఏమిటో అడిగినవాడికీ తెలుసు, జవాబు చెప్పేవాడికీ తెలుసు.

5. మెట్లు, ఫారాలు

మా వేడుక జరిగే ఆడిటోరియంకు మెట్లే ఉన్నాయి. చక్రాల కుర్చీలో వచ్చిన విద్యార్థినిని నలుగురు మోసుకెళ్లారు, ఆ ఫోటోకు వాట్సాప్‌లో బోలెడు నమస్కారాలు వచ్చాయి. ఆమె రెండేళ్లుగా అడుగుతున్నది ర్యాంపు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. ప్రజలు వాడే పాత భవనాలను ఐదేళ్లలోగా అందుబాటులోకి తేవాలన్నది చట్టం మాట. ఆ గడువు 2022లోనే దాటిపోయింది.

ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఖాయం చేసింది. ఫారంలో మూడో గడి వచ్చింది కూడా. ఆ గడిలో టిక్కు పెట్టిన విద్యార్థికి ఏ హాస్టల్లో గది ఇస్తారు, ఏ బాత్‌రూమ్ వాడాలి అని అడిగితే వార్డెన్ డీన్ వైపు, డీన్ రిజిస్ట్రార్ వైపు చూపిస్తారు.

6. ఫిర్యాదు ఎవరికి?

యూజీసీ 2012 నిబంధనల్లో ప్రతి ఉన్నత విద్యాసంస్థకూ సమాన అవకాశాల కేంద్రం ఉండాలని, విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్ హోదాకు తగ్గని వివక్ష నిరోధక అధికారి ఉండాలని రాశారు. మా క్యాంపస్‌లో ఆ అధికారి ఎవరని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. అందులో ఒకరు రిటైరయ్యారు. ఈ నిబంధనలు అమలు చేయించండి అంటూ 2019లో రాధిక వేముల, ఆబేదా తడ్వి సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇద్దరూ చదువుకోవడానికి పంపిన బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు. వాళ్లు అంత దూరం వెళ్లకముందే మనం చేయాల్సిన పని ఇది.

ఫిర్యాదు చేసే దారి తెలియని పిల్లలు గోల చేయరు, మెల్లగా వెళ్లిపోతారు. ముందు క్లాసులు మానేస్తారు, తర్వాత మెస్, ఆ తర్వాత గది ఖాళీ చేస్తారు. టీసీ పుస్తకంలో కారణం దగ్గర ‘వ్యక్తిగతం’ అని రాసి ఉంటుంది. ఉట్నూరు వైపు నుంచి ఒక తండ్రి రాత్రంతా బస్సులో వచ్చి కొడుకు ట్రంకుపెట్టె తీసుకెళ్లడం చూశాను. నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం ఆయన్ని ఐదు కౌంటర్లు తిప్పారు. పుస్తకం ఒకటి తక్కువైందని జరిమానా కూడా కట్టారు. వాళ్ల ఊళ్లో పీజీ దాకా వచ్చిన మొదటివాడు ఆ అబ్బాయే. అతను తిరిగి వెళ్లాక, ఇంటర్ అయిపోయిన తర్వాతి పిల్లను పై చదువుకు పంపుతామని ఇంట్లో ఎవరంటారు? స్కాలర్‌షిప్పులు, సీట్లు ప్రభుత్వం ఇస్తోంది. అవి మన గేటు లోపలే కారిపోతున్నాయి.

అందువల్ల మా డిమాండ్లు ఇవి:

1. వివక్ష నిరోధక అధికారి పేరు, ఫోన్ నంబరు, కూర్చునే గది 30 రోజుల్లోగా వెబ్‌సైట్లోనూ, ప్రతి హాస్టల్ తలుపు మీదా పెట్టాలి. ప్రతి ఫిర్యాదుకూ రసీదు ఇచ్చి 60 రోజుల్లో తేల్చాలి. ఎన్ని వచ్చాయి, ఎన్ని తేలాయి అన్న లెక్క పేర్లు లేకుండా ఏటా బయటపెట్టాలి.

2. అకడమిక్ కేలండర్ కమిటీలో ఆదివాసీ, మైనారిటీ, ఇతర రాష్ట్రాల, విదేశీ విద్యార్థుల ప్రతినిధులు ఉండాలి. పండుగ వల్ల ఇంటర్నల్ తప్పినవాళ్లకు ఫీజు లేకుండా మరో అవకాశం ఇవ్వాలి. కండొనేషన్ ఫీజు ఈ కారణానికి వసూలు చేయకూడదు.

3. వేడుకలో ఏం ఉండాలో ఆయా విద్యార్థులే తేల్చుకోవాలి. కనీసం రెండు నెలల ముందు చెప్పాలి, రానన్నవాళ్లను వదిలేయాలి. దైవకార్యాలకు సంబంధించిన వేషాలు, వస్తువులు ఆ సముదాయం ఒప్పుకోకుండా స్టేజీ మీదికి తేవద్దు. బయటి నుంచి కళాకారులను పిలిస్తే ముఖ్య అతిథికి చేసే మర్యాదే వాళ్లకూ చేయాలి, పారితోషికం అదే రోజు ఇచ్చి పంపాలి. వాళ్లను ఆరు నెలలు బిల్లుల సెక్షన్ చుట్టూ తిప్పే అలవాటు మానుకోవాలి.

4. 2023 నాటి యూజీసీ సూచనను అమలు చేసి, తెలుగులో పరీక్ష రాయవచ్చని హాల్‌టికెట్ మీదే అచ్చువేయాలి. వైవాలోనూ ఆ వెసులుబాటు ఉండాలి. తెలుగు రాని విద్యార్థులకు ఉచితంగా మాట్లాడే తెలుగు తరగతులు పెట్టాలి. చేసే మనసుంటే ఖర్చు పెద్దగా ఉండదు, భాషాశాస్త్ర విభాగంలో పరిశోధక విద్యార్థులే నేర్పగలరు.

5. ప్రతి భవనానికీ అందుబాటు తనిఖీ జరగాలి, తనిఖీ బృందంలో వికలాంగ విద్యార్థులు ఉండాలి. పనులు పూర్తయ్యే తేదీలు ప్రకటించాలి.

6. వార్డెన్లు, సెక్యూరిటీ, మెస్ సిబ్బంది, ఆఫీసు క్లర్కులకు శిక్షణ ఇవ్వాలి. పిల్లలు వీసీ గారిని చూసేది స్నాతకోత్సవం రోజు, క్లర్కును చూసేది రోజూ. సిబ్బందిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఒకే కౌంటర్‌లో ఒకే మనిషి వందల ఫైళ్లు చూస్తుంటే ఎవరికైనా ఓపిక పోతుంది. ఖాళీ పోస్టులు నింపడం కూడా ఈ డిమాండ్‌లో భాగమే.

ఉన్నత విద్యామండళ్లకు విడిగా ఒక విన్నపం. ఈ ఆరింటి మీద ప్రతి విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వక నివేదిక తెప్పించి ప్రజల ముందు పెట్టండి. ‘కమిటీ వేశాం’ అన్న జవాబు మాత్రం వద్దు.

ఇన్వర్డ్ నంబరున్న మా వినతిపత్రం నకలు భద్రంగా ఉంది. ఈ లేఖకు నెల రోజుల్లో జవాబు రాకపోతే, 2005 సమాచార హక్కు చట్టం కింద రెండు రాష్ట్రాల్లోని ప్రతి విశ్వవిద్యాలయానికీ విడివిడిగా దరఖాస్తు పెడతాం. అడిగేవి మూడే: అధికారి ఎవరు, వచ్చిన ఫిర్యాదులు ఎన్ని, తేలినవి ఎన్ని. జవాబుకు ఆ చట్టంలో గడువు 30 రోజులు. వచ్చినవి వచ్చినట్టు, రానివి రానట్టు ప్రచురిస్తాం.

ఇట్లు,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు,
వినతిపత్రంపై సంతకం చేసిన సహోద్యోగులు, పరిశోధక విద్యార్థుల తరఫున